చల్లారిపోయిన కాఫీ

మా కాగజ్‌నగర్ స్టేషన్‌కి దగ్గరలో ఒక చిన్న చాయ్ హోటల్ ఉంది. పేరు చెప్పను. చెబితే ఆ మూల బల్ల ఇక నాకు దక్కదు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు అక్కడ జనం పలచగా ఉంటారు. పొద్దుటి రైళ్ల వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, సాయంకాలపు రైళ్ల వాళ్లు ఇంకా వచ్చి ఉండరు. రేడియో లేదు, టీవీ లేదు. గల్లాపెట్టె దగ్గర యజమాని కునికిపాట్లు పడుతూ ఉంటాడు. పొయ్యి మీద డికాషన్ సన్నగా మరుగుతున్న చప్పుడు తప్ప మరేదీ వినిపించదు.

మొన్న బజారు పని ముగించుకుని ఆ మూల బల్ల దగ్గర కూర్చున్నాను. హోటల్ కుర్రాడు రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టాడు.

"ఇంకెవలన్న వస్తున్నరా అమ్మా?"

"ఆఁ, వస్తారు. బండి లేటు," అన్నాను.

ఎవరూ రావడం లేదు. ఏ బండీ లేటు కాలేదు. నలభై దాటిన మనిషిని, నా డబ్బుతో నేను ఒక్క గ్లాసు చాయ్ తాగడానికి లేని చుట్టాన్ని ఎందుకు సృష్టించాను? ఆ కుర్రాడు పాపం నన్నేమీ అనుమానించలేదు. రెండో గ్లాసు తీసెయ్యాలో ఉంచాలో తెలుసుకుందామని అడిగాడంతే. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ అబద్ధం చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. గుమ్మం ఎక్కుతుండగా గుర్తొచ్చింది. ఇదే అబద్ధం నేను ఇంతకు ముందొకసారి చెప్పాను. అదీ అచ్చులో.

చాలా ఏళ్ల కిందట ఒక నవల రాశాను. అందులో కథానాయిక ఒక ఊరి బస్టాండు హోటల్లోకి ఒంటరిగా వచ్చి కూర్చుంటుంది. కాఫీ చెబుతుంది. ఆ కాఫీ ముందు ఆమెను అయిదు పేజీలు కూర్చోబెట్టాను. చిన్నతనం తలుచుకుంది, పెళ్లి తలుచుకుంది, రాని ఉత్తరం తలుచుకుంది. చివరికి 'కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది' అని రాసి ఆమెను లేవదీశాను. ఆ వాక్యం రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా. తరువాత కొన్నాళ్లకు రిటైరైన ఒక టీచరమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'నవల బాగుంది. కాని ఆ అమ్మాయి బిల్లు కట్టినట్టు రాశారు గాని కాఫీ తాగినట్టు రాయలేదు. డబ్బిచ్చి కొనుక్కున్నది తాగనివ్వకపోతే ఎలాగండీ?'

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆవిడ రాసిన రెండు వాక్యాలలో ఉన్న విమర్శ నా పుస్తకం మీద వచ్చిన సమీక్షలన్నింటిలోనూ లేదు.

అప్పట్నుంచీ కథ చదివినప్పుడల్లా నాకొక జబ్బు పట్టుకుంది. ఆడపాత్ర ఒంటరిగా కప్పు ముందు కూర్చుంటే, తాగుతుందా లేదా అని చూస్తాను. నేను చదివినంతలో తాగేవాళ్లు బహు తక్కువ. కప్పులో కాఫీ చల్లారుతుంది, కన్నీటి చుక్క పడుతుంది, ఫోన్ మోగుతుంది, అతను రానే వస్తాడు లేదా రానే రాడు. 'చక్కెర సరిపోయింది, రెండో గుక్క ఇంకా బాగుంది' అన్న మాట మటుకు కనిపించదు. ఒంటరిగా కూర్చున్న ఆడదానికి ఒక దుఃఖం అంటగడితే గాని మన కలం ముందుకు సాగదు. నాదీ అంతే.

మగవాళ్ల సంగతేమిటని అడుగుతారేమో. వాళ్లకి సాహిత్యం బల్లలూ పాత్రలూ ధారాళంగానే వేసింది. గురజాడవారి 'కన్యాశుల్కం' 1909 నాటి కూర్పులో సారా దుకాణం రంగం చూడండి. బైరాగీ, హవల్దారూ వగైరాలు చేరి వేదాంతం దగ్గర్నుంచి లోకవ్యవహారం దాకా ఎంత తీరిగ్గా మాట్లాడుకుంటారో! శరత్‌బాబు 'దేవదాసు' పుస్తకంగా వచ్చింది 1917లో. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో సినిమాగా వచ్చాక అక్కినేనివారి చేతిలో సీసా ఆంధ్రదేశమంతటికీ చుట్టమైపోయింది. దేవదాసు ఒంటరిగా తాగాడు, నిజమే. కాని అతనికి ఆ తాగుడులో ఆనందం ఎక్కడిది? పార్వతి దక్కలేదన్న చీటీ చూపిస్తేనే మనం అతనికి సీసా ఇచ్చాం. ఒంటరితనానికి కారణం అడగడంలో మగవాణ్ణీ వదిలిపెట్టలేదన్నమాట. తేడా అల్లా ఒకటే. అతను తాగాడు. మన ఆడపాత్ర ముందు కప్పు చల్లారింది.

ఇక కవికోకిల దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' ఉండనే ఉంది. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచే తెలుగులోకి తెచ్చిన పుస్తకం. తాగడాన్ని దుఃఖంగా కాక ఒక చూపుగా, ఒక నిలకడగా నిలబెట్టిన కావ్యం తెలుగులో అదే అని నా అభిప్రాయం. అక్కడ ఆడమనిషి లేకపోలేదు. సాకీ ఉంది. కాని సాకీ పని పొయ్యడం. ఎంత అందంగా పోసినా, తనకంటూ ఒక పాత్ర పట్టుకుని పక్కకు జరిగి కూర్చునే వీలు ఆ పిల్లకు లేదు. ఇంట్లో అందరికీ కాఫీలు అందించి, మిగిలిన అడుగు కాఫీ గట్టు దగ్గర నిలబడి గొంతులో పోసుకునే మనకు ఈ సాకీ ఏమంత పరాయిది కాదు.

బి.ఏ.లో చదువుకున్న ఇంగ్లీషు పుణ్యమా అని, ఈ విషయంలో నాకు నచ్చిన వ్యాసం ఒకటి ఉంది. జార్జ్ ఆర్వెల్ 1946 ఫిబ్రవరిలో లండన్ 'ఈవినింగ్ స్టాండర్డ్' పత్రికకు రాశాడు. పేరు 'ది మూన్ అండర్ వాటర్'. తనకిష్టమైన పబ్బు గురించి మురిసిపోతూ చెబుతాడు. బస్సు దిగితే రెండు నిమిషాల దూరం. రేడియో ఉండదు, పియానో ఉండదు. మాట వినబడేటంత ప్రశాంతం. బీరు పోసే ఆడవాళ్లకు వచ్చే వాళ్లలో చాలామంది పేర్లు తెలుసు. పింగాణీ కప్పులూ ఉంటాయి. ఇలా ఊరించి ఊరించి చివర్లో, అలాంటి పబ్బు లేనే లేదని చెప్పేస్తాడు. తను కోరిన పది లక్షణాల్లో ఎనిమిది ఉన్నది ఒకటి తెలుసునట, అంతే.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చింది వెనకవైపు తోట. చెట్ల కింద బల్లలు, పిల్లలకు ఉయ్యాలలు. తోట ఉంటే భార్య పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోనక్కర్లేదు, అందరూ కలిసి రావచ్చంటాడు ఆర్వెల్. పిల్లల్నీ, దాంతోపాటు తల్లుల్నీ రానివ్వకపోవడం వల్లే పబ్బులు వట్టి తాగుడు కొట్లయ్యాయని అతని వాదన. ఆ రోజుల్లో అంతమాత్రం ఆలోచించిన మగవాణ్ణి మెచ్చుకోవలసిందే. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ తోటలోకి కూడా ఆవిడ పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తుంది. లోపల మూల బల్ల ఆయనది. బయట ఉయ్యాల ఊపే పని ఆవిడది. ఆవిడ ఒక్కతే, ఏ పిల్లా లేకుండా, ఒక పుస్తకం పట్టుకుని వస్తే? అంత మంచి వ్యాసకర్తకూ ఆ ఊహ తట్టలేదు.

తట్టకపోవడంలో వింత లేదు. అదే లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ అని పత్రికలవాళ్ల వీధి. అక్కడ 'ఎల్ వినో' అనే వైన్ దుకాణంలో ఆడవాళ్లకు కౌంటర్ దగ్గర నిలబడితే ఇచ్చేవారు కాదు. వెనక గదిలో బల్ల దగ్గర కూర్చుంటేనే తెచ్చి ఇచ్చేవారు. టెస్ గిల్ అనే లాయరూ అన్నా కూట్ అనే జర్నలిస్టూ కోర్టుకెక్కారు. 1982లో అప్పీలు కోర్టు అది వివక్షేనని తీర్పు చెప్పింది. కౌంటర్ దగ్గర దొర్లే కబుర్లే పత్రికలవాళ్లకు వార్తలు, ఆడవాళ్లకు ఆ కబుర్లు అందకుండా పోతున్నాయని కూడా న్యాయమూర్తి గుర్తించాడు.

వెనక గది అనగానే మీకేమీ గుర్తు రాలేదూ? పాత ఇరానీ హోటళ్లలో ఫ్యామిలీ రూమ్! ఒక మూల చెక్క అడ్డు, దానికో పరదా. చిన్నప్పుడు హైదరాబాదు వెళితే మమ్మల్నీ ఆ పరదా వెనకే కూర్చోబెట్టేవారు. ఉస్మానియా బిస్కట్టు బ్రహ్మాండంగా ఉండేది గాని, బయట ఎవరు నవ్వుతున్నారో, ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. పైగా అది 'ఫ్యామిలీ' రూమ్. ఆడది ఒంటరిగా వెళితే అక్కడా ప్రశ్నే. ఫ్యామిలీ ఏదమ్మా?

ఇక్కడ మీలో కొందరికి కోపం వస్తూ ఉండవచ్చు. 'తాగుడు కొంపలు ముంచుతుంటే, ఈవిడ పబ్బుల్నీ పానశాలల్నీ పొగుడుతోందేమిటి?' అని. ఆ కోపం న్యాయమైనదే. 1990 దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడుల వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం ఉండేది. అది చదువుకున్న కూలి ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మీదికి వెళ్లారు. అక్కణ్ణుంచి లేచిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. రెండోది 1997లో సడలిపోయింది, అది వేరే కథ. 'పానశాల' రాసిన కవిదీ నెల్లూరి సీమే, సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్లదీ నెల్లూరి సీమే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, సాకీ చివరికి కూజా కింద పెట్టేసి మాట్లాడిందని నాకనిపిస్తుంది. మా నవలలన్నీ కలిసి చెయ్యలేని పని ఒక వాచకంలో పాఠం చేసింది.

నేను సీసాను సమర్థించడం లేదు. నేను అడుగుతున్నది గ్లాసులో ఏముందని కాదు, ఆ గ్లాసు ముందు దొరికే గంట గురించి. మగవాడు దుకాణానికి పోయి తెచ్చుకున్నది మత్తు ఒక్కటే కాదు. ఎవరూ లెక్క అడగని ఒక గంట కూడా. ఆ గంట మటుకు చెడ్డది కాదు. మనకు కావలసింది అదే, చాయ్‌తో.

ఇంతవరకూ రాసి, మా వీధికి కూరగాయలు తెచ్చే అవ్వతో మాట వరసకు ఈ సంగతి కదిపాను. మా వైపు కల్లు మండువలో కష్టజీవులైన ఆడవాళ్లు కూర్చోవడం ఎవరికీ వింత కాదు. అవ్వ నా వాదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేసింది.

"ఒక్కదాన్నే తాగితె ఏం మంచిగుంటది బిడ్డా? పక్కపొంటి నలుగురుండాలె."

నా మొహం చిన్నబోయింది. ఒంటరి గ్లాసు ముచ్చట పుస్తకాలు చదివిన మాబోటి వాళ్లదేనేమో! అయితే తక్కెడ సర్దుకుంటూ అవ్వే మళ్లీ అంది:

"గని తాగినంక జరసేపు చెట్టు కింద ఊకె కూసుంట. అప్పుడు ఎవలు పిలిచినా పలక."

అదీ! ఆ 'పలక' అన్న మాట కోసమే ఇంత రాశాను.

మన రచయిత్రులు ఆ దారి తెలియనివాళ్లు కారు. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక ఇల్లాలు తన పేరే మరచిపోతుంది. అబ్బూరి ఛాయాదేవిగారి 'తన మార్గం'లో భర్త పోయిన పెద్దావిడ ఒంటరిగా బతకడానికే నిశ్చయించుకుంటుంది. రెండూ గొప్ప కథలు. నా పేచీ వాటితో కాదు, వాటి తరువాత వచ్చిన మాబోటి వాళ్లతో. పేరు పోగొట్టుకుంటేనో, భర్త పోతేనో తప్ప ఆడదానికి ఏకాంతం రాయడం మాకు చేతకావడం లేదు. అన్నీ సవ్యంగా ఉన్న మనిషి, మొగుడితో తగువు లేని మనిషి, పిల్లలంటే ప్రాణమున్న మనిషి, ఒక బుధవారం మధ్యాహ్నం ఊరికే ఒక్కతే కూర్చుని చాయ్ తాగాలనుకుంటుంది. అందులో కథ ఏముందంటారా? పరదా వెనక నుంచి ఇవతలకు రావడమే పెద్ద కథ.

మా ఊరు పుట్టిందే కాగితం కోసం. అంతకు ముందు కొత్తపేట అనేవారు. పేపరు మిల్లు వచ్చి కాగజ్‌నగర్ అయింది. మిల్లు 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లూ ఇక్కడ చాయ్ హోటళ్లలో ఒంటరిగా కూర్చున్న మగవాళ్లు ఎందరో! అది ఆనందం కాదు, పని లేక కూర్చోవడం. ఆ రెండింటికీ తేడా నాకు తెలుసు. ఇంటికెళితే పని ఉంది, పిలిచే వాళ్లున్నారు అని తెలిసి కూర్చున్నప్పుడే ఆ గంటకు రుచి.

నిన్న మళ్లీ వెళ్లాను. అదే మూల బల్ల. కుర్రాడు రెండు గ్లాసుల నీళ్లు పెట్టబోతూ ఆగాడు.

"ఎవరూ రారు బాబూ, నేనొక్కదాన్నే," అన్నాను.

వన్ బై టూ చెప్పి ఒక చాయ్ ఇద్దరు పంచుకునే ఊళ్లో ఇది కాస్త దుబారాయే. వాడేమీ అనుకోలేదు. రెండో గ్లాసు తీసేసి, చాయ్ తెచ్చి పెట్టాడు. చక్కెర ఒక పిసరు ఎక్కువైంది. అల్లం ఘాటు బాగుంది. పొగలు పోకముందే మొత్తం తాగేశాను. టీచరమ్మగారూ, మీరెక్కడున్నా సరే, ఈసారి తాగినట్టు రాశాను చూడండి.