కౌబాయి కథలలో నమ్మదగినది ఎంత?

తోలుబొమ్మలాటలో ఆంజనేయుడు ఒక్క గంతున సముద్రం దాటితే చూచేవారెవరూ అభ్యంతరం చెప్పరు. సముద్రం దాటినవాడే మరునిమిషంలో ఒక పిల్లకాలువ దాటలేక నిలబడిపోతే మాత్రం పిల్లలు సైతం నవ్వుతారు. కథపై నమ్మకం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ చెడుతుందో గ్రహించటానికి ఈ చిన్న ఉదాహరణ చాలును. సాధ్యాసాధ్యాల విచారణ విజ్ఞానశాస్త్రానికి సంబంధించినదే. కనుక పెద్దలూ పిన్నలూ ఇష్టంగా చూచే కౌబాయి కథలను ఈ దృష్టితో పరిశీలించటం అనుచితం కాదు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా పశ్చిమ ప్రాంతాలలో పశువుల మందలను తోలిన కాపరులే కౌబాయిలు. వారి చుట్టూ అల్లిన కథలు ఆ దేశపు టెలివిజనులో ఏళ్ళ తరబడి నడిచినవి. 'గన్‌స్మోక్' అనే ధారావాహిక 1955 నుండి 1975 వరకు 635 భాగాలుగా ప్రసారమైనది. 'బొనాంజా' 1959 నుండి 1973 వరకు సాగినది. 'గన్‌స్మోక్' భాగం మొదట అరగంట. 1961 నుండి గంట. వ్యాపార ప్రకటనలు పోగా మిగిలిన ఆ కొద్ది వ్యవధిలో తగాదా పుట్టాలి, ముదరాలి, తీరాలి. అందుచేత రచయిత అడ్డదారులు తొక్కుతాడు: గుర్రం అలసిపోదు, దూరం తరిగిపోతుంది, గాయం మరుసటి వారానికి మానిపోతుంది.

తెలుగు మాటలాడే కౌబాయి 1971లో వచ్చినాడు. ఆరుద్ర రచించగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం వహించిన 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రంలో కృష్ణ ఆ వేషం ధరించినారు. మన సీమలో లేని ఎడారి కోసం రాజస్థాన్ వెళ్ళి చిత్రీకరించినారు. తరువాత 1990లో చిరంజీవి 'కొదమ సింహం', 2002లో మహేశ్ బాబు 'టక్కరి దొంగ' వచ్చినవి. 1971 నాటి చిత్రాన్ని 2023లో మెరుగుపరచిన ప్రతితో మళ్ళీ విడుదల చేసినారు.

బాలానగర్ కర్మాగారాలకూ, హైటెక్ సిటీ కార్యాలయాలకూ పోయివచ్చే కుటుంబాలు నివసించే మూసాపేట వంటి చోట, ఇట్టి కథ టెలివిజనులో వచ్చినప్పుడు ఇంటిలో రెండు పక్షాలు ఏర్పడటం సహజం. "కథ కథే, లెక్కలెందుకు?" అనేది ఒక పక్షం. "ఆ తుపాకిలో ఎన్ని గుండ్లున్నవి?" అనేది రెండవ పక్షం. ఈ రెండింటిలో దేనినీ త్రోసిపుచ్చనక్కరలేదు. తెలుగుదేశంలో కౌబాయి టోపీ ఏమిటని ఎవరూ పట్టుపట్టరు; అది కథకుడు మొదటనే పెట్టిన షరతు. కాని ఆరు గుండ్ల తుపాకి అని చూపిన తరువాత, అది మధ్యలో నింపకుండ తొమ్మిదిసార్లు పేలితే ఆ షరతును కథకుడే ఉల్లంఘించినట్లు. 1873లో వెలువడిన కోల్ట్ రివాల్వరుకు ఆరు గదులే. పొరపాటున పేలకుండ ఒక గదిని ఖాళీగా ఉంచి, అయిదు మాత్రమే నింపుకొనే అలవాటు కూడ ఉండేది. కనుక గుండ్లు లెక్కించే బాలుడు కథను చెడగొట్టటం లేదు. దానిని శ్రద్ధగా చూస్తున్నాడు.

గుర్రాల సంగతి చూడండి. పూర్తి వేగంతో దౌడు తీసే గుర్రం గంటకు 40 నుండి 48 కిలోమీటర్ల వేగం అందుకొనగలదు. కాని ఆ వేగాన్ని మూడు నాలుగు కిలోమీటర్లకు మించి నిలుపుకొనటం కష్టం. అనగా మూసాపేటలో బయలుదేరిన గుర్రం అమీర్‌పేట చేరేసరికి రొప్పుతూ ఉంటుందన్న మాట. తెరపై అది తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకేవరకు పరుగెత్తుతూనే ఉంటుంది.

ఇంకొక ప్రసిద్ధ దృశ్యం: ఉరితాడును దూరం నుండి తుపాకితో తెంచటం. సెర్జియో లియోనీ 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' దీనికి పేరు తెచ్చినది. దీనిని తరగతిలో లెక్కగా చేయవచ్చును. దూరం 100 మీటర్లు, గుండు వేగం సెకనుకు 400 మీటర్లు అనుకొందాము. ప్రయాణ కాలం పావు సెకను. ఆ కాలంలో గుండు భూమ్యాకర్షణ వలన సుమారు 30 సెంటీమీటర్లు క్రిందికి జారుతుంది. తుపాకిని నేరుగా తలకు ఒక అడుగు పైన గురిపెట్టినవాడు, కాపాడదలచిన మిత్రుని తలనే కొడతాడు! మరికొంత పైకి గురిపెట్టినా కష్టం తీరదు. తాడు మందం రెండు సెంటీమీటర్లయితే, గురి ప్రక్కకు పదివేలలో ఒక వంతు తప్పినా గుండు తాడు అంచునకు పోతుంది. ఇది అసాధ్యం కాదు గాని, ఒకే మనిషికి ప్రతిసారీ సాధ్యం కాదు. ఐనా ఈ దృశ్యాన్ని ప్రేక్షకులు మెచ్చుకొంటారు. ఎందుకనగా అది అద్భుతమని చూపేవానికీ చూచేవానికీ తెలుసు. అట్టి అద్భుతం వలన ఎవరికీ హాని లేదు.

హాని కలిగించే అబద్ధాలు వేరు. అవి అద్భుతాలవలె కనిపించవు. అందుకే వాటిపై ఎవరూ అభ్యంతరం చెప్పరు.

గుండు తగిలినవాడు ఎగిరి వెనుకకు పడటం ఇట్టిదే. 16 గ్రాముల గుండు సెకనుకు 280 మీటర్ల వేగంతో వచ్చి 70 కిలోగ్రాముల మనిషిలో నిలిచిపోయిందనుకొనండి. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం అతనికి కలిగే వేగం సెకనుకు 6 సెంటీమీటర్లు మాత్రమే. అంత విసురు గుండుకు ఉంటే, న్యూటన్ మూడవ సూత్రాన్ని అనుసరించి కాల్చినవాడు కూడ వెనుకకు ఎగిరిపోవలసినదే! ఇక గాయపడిన కథానాయకుడు "భుజానికే కదా" అని లేచి మళ్ళీ పోరాడతాడు. భుజంలో చేతిని నడిపే నరాల సముదాయం, పెద్ద రక్తనాళాలు, దగ్గరలోనే ఊపిరితిత్తి పైభాగం ఉన్నవి. అక్కడి గాయం ప్రాణానికే ముప్పు.

అన్నిటికన్న ముఖ్యమైనది పాముకాటు. కాటు వేసిన చోట కత్తితో కోసి, నోటితో విషం పీల్చి ఉమ్మివేయటం ఈ కథలలో తరచు కనిపించే వీరకృత్యం. 2010లో కోయెన్ సోదరులు తీసిన 'ట్రూ గ్రిట్' చిత్రాన్ని పరిశీలించండి. సంభావ్యత విషయంలో అది మేలైన చిత్రం. బాలికను వైద్యుని వద్దకు చేర్చటానికి దౌడు తీయించిన గుర్రం దారిలోనే కూలిపోతుంది. ఆమె బ్రతుకుతుంది గాని చేయి పోగొట్టుకొంటుంది. కారణానికి తగిన ఫలితాన్ని దాచకపోవటమే మంచి కథనం. ఐతే అందులోనూ కాటును కోసి విషం పీల్చే దృశ్యం ఉన్నది. కథాకాలమైన 1870లకు అది తగినదే. విషానికి విరుగుడు మందు 1890లలో గాని రాలేదు. కాలాన్ని బట్టి ఒప్పైన ఆ దృశ్యమే నేటి ప్రేక్షకునికి తప్పు పాఠం నేర్పగలదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది మరణించినట్లు 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. మరణాలు అధికంగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోసినందువలన విషం బయటకు రాదు. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు కనుక, కోసిన చోట రక్తస్రావం ఎక్కువవుతుంది. పీల్చటం, గట్టిగా కట్టు బిగించటం కూడ హానికరమే. కరచిన అవయవాన్ని కదలనీయక, రోగికి ధైర్యం చెప్పి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చటమే చేయవలసిన పని.

కావున ఉపాధ్యాయులు ఈ కథలను నిషేధించనక్కరలేదు. విద్యార్థుల చేత రెండు పట్టికలు వ్రాయించవచ్చును. కథ కోసం మనం తెలిసి ఒప్పుకొన్న అసాధ్యాలు ఒకదానిలో, తెలియకుండ నమ్మినవి రెండవదానిలో వ్రాయించాలి. మొదటి పట్టికలో ఉరితాడూ టోపీ చేరుతవి. రెండవ పట్టికలో పాముకాటు ఎంతమంది వ్రాసినారో ఉపాధ్యాయుడు చూచుకోవాలి. వ్రాయనివారికి ఆ పాఠం ఆ రోజే చెప్పటం మంచిది.