టెలివిజనులో తెలంగాణ పలుకు: ప్రదర్శనము, నిషేధము

ఏ ప్రసారసాధనమైనను సమస్తమును చూపజాలదు, ఎన్నుకొని చూపును. ఎన్నిక యున్నచోట విడుపును ఉండును. చట్టము కోసివేసినదానిని నిషేధమందుము. అలవాటుచేత విడిచినదానికి పేరే లేదు. ఈ రెండవదానిని తెలంగాణ పలుకు విషయమున పరిశీలించుట మా ఉద్దేశము.

మెదకు పల్లెలకు టెలివిజను ఉపగ్రహము ద్వారా వచ్చినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములయందు జరిగిన 'సైట్' ప్రయోగమునకు ఎన్నికైన జిల్లాలలో మెదకు ఒకటి. సేద్యము, ఆరోగ్యము, విద్య ప్రధానవిషయములుగా తెలుగు కార్యక్రమములు హైదరాబాదున తయారైనవి. ఉద్దేశము మంచిదే. కాని గ్రామస్థుడు అందు వినువాడేగాని చెప్పువాడు కాడు. తెలివి ఒక పలుకుబడిలోను, తెలియమి మఱొక పలుకుబడిలోను ఉండునను భ్రమకు ఇట్టి ఏర్పాటు తావిచ్చును.

తరువాత వచ్చిన ప్రైవేటు ఛానెళ్లలో ఈ భ్రమ స్థిరపడినది. వార్తలు ప్రామాణికభాషలో చదువబడినవి. తెలంగాణ పలుకు, సినిమాలలోవలెనే, హాస్యగానికిని రౌడీకిని దక్కినది. ఇది మనకే ప్రత్యేకము కాదు. 1941లో యార్క్‌షైరు యాసగల విల్‌ఫ్రెడ్ పికిల్స్ బీబీసీ రేడియోలో వార్తలు చదివినపుడు శ్రోతలలో పలువురు ఆక్షేపించిరి. వార్త నిజమైనను యాస నమ్మదగినది కాదని వారి భావము కాబోలు!

మన కేబుల్ టెలివిజను నియమావళి (1994) ప్రాంతీయ, భాషావర్గములను హేళనగాను చులకనగాను చూపుటను నిషేధించినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన కొలది దినములకే ఈ సూత్రమునకు పరీక్ష వచ్చినది. నూతన శాసనసభ్యులను అపహసించినదని టీవీ9 కార్యక్రమముపై తీవ్రమైన ఆక్షేపణ బయలుదేరినది. ఆ నెలలోనే కేబుల్ నిర్వాహకులు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారములను నిలిపివేసిరి.

హేళనవలని నొప్పి నిజమైనది. దానిని అతిసున్నితత్వమని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. అయినను నిలుపుదలను మేము సమర్థింపజాలము. ప్రసారమును నిషేధించుటకు 1995 నాటి చట్టమున అధికారి ఉత్తర్వు చేయు పద్ధతి గలదు. ఇచట తెరను చీకటి చేసినవారు కేబుల్ నిర్వాహకులు. అదియునుగాక, ఒక కార్యక్రమపు దోషమునకు ఛానెలునంతను మూసినచో ప్రేక్షకుడు తప్పును గుర్తించు అవకాశమును సైతము కోల్పోవును. అపహాస్యమునకు మౌనము శిక్ష కావచ్చును, సమాధానము కాదు.

సమాధానము వేఱొకచోట దొరకును. వీ6 ఛానెలు 'తీన్మార్ వార్తలు' తెలంగాణ పలుకును వార్తలలోనికి తెచ్చినది. ఇది మెచ్చదగిన మార్పు. కాని అచటను ఆ పలుకు ఎక్కువగా వినోదమునకే పరిమితమైనదనుట విస్మరింపరాదు. ఇంతకంటె లోతైన ప్రయత్నము జహీరాబాదు సమీపమున, నాటి మెదకు జిల్లాకు చెందిన పస్తాపూరులో జరిగినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళితస్త్రీలు కెమెరా చేపట్టి, దృష్టికోణములకు తమ పేర్లు తామే పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునది 'పటేల్ షాట్'. క్రిందినుండి పైకి చూచునది బానిస షాట్. కంటికి కన్ను సమముగా నిలుచునది 'సంఘం షాట్'.

ఈ మూడు పేర్లలో ఒక విమర్శసూత్రమే ఇమిడియున్నది. ఏది చూపవలెను, ఏది చూపరాదు అను చర్చకు ముందు, ఎంత ఎత్తునుండి చూచుచున్నాము అను ప్రశ్న రావలెను. మన ఛానెళ్లు తెలంగాణ పలుకును చిరకాలము పటేల్ షాటులో చూపినవి. ఆ పలుకు సంఘం షాటులోనికి వచ్చి, గంభీరవిషయములను గంభీరముగా చెప్పు దినమున గాని ఆ పేరులేని నిషేధము తొలగినదని చెప్పజాలము.