మందకో పంచాంగం

బ్రెజిల్‌లో మాంసానికి పెంచే నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతే. వేల ఎకరాల్లో మేసే ఆ మందకు ఏడాది ఆరోగ్య ప్రణాళిక వేసే పశువైద్యుడి నేర్పు ఈతల కాలం దగ్గరే తెలుస్తుంది. ఎద్దులను కొన్ని నెలలే మందలో వదిలితే దూడలన్నీ ఇంచుమించు ఒకే ఈడువవుతాయి. పెయ్యలకు 3 నుంచి 8 నెలల లోపు వేయాల్సిన బ్రూసెల్లా టీకా ఒకటి రెండు విడతల్లో ముగుస్తుంది. పశువును మాటిమాటికీ పట్టి బెదరగొట్టే బాధ తప్పుతుంది (మనుషులకూ దెబ్బలు తగ్గుతాయి).

ఆరోగ్యంగా ఉన్నవాటికి ఖర్చెందుకని యజమాని అడగొచ్చు. బ్రూసెల్లాతో ఆవు ఈసుకుపోయాక చికిత్సతో ఒరిగేదేమీ లేదు, పైగా జబ్బు మనుషులకూ అంటుతుంది. నట్టల మందు విషయంలో మాత్రం ఆ అనుమానం సబబే: అతిగా వాడితే నట్టలు మందుకు లొంగవు. అందుకే ఏది ఎప్పుడు మానాలో తెలియడం ఈ విద్యలో సగం. దశాబ్దాలపాటు వేసిన గాలికుంటు టీకాను బ్రెజిల్ ఆపేసింది. టీకా లేకుండానే ఆ వ్యాధి లేని దేశంగా 2025లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది.