పొగకుండ పనితనం

కార్తీకం దాటి వరి వెన్ను గట్టిపడే వేళ రేపల్లె, బాపట్ల చేలల్లో రైతు కబురు పెట్టేది ఎలుకలు పట్టే యానాదులకే. పిలకల్ని కొరికి పడేసే ఎలుకలకు మందు పెడితే, ఒకసారి రుచి చూసి బతికినవి మళ్లీ ఆ ఎర ముట్టవు. 1986లో విడుదలైన బాపట్ల సాంబ మసూరి పండే మళ్లలోనూ ఇదే బాధ.

పొద్దున్నే గట్టు మీద చేరిన వేటగాడు ముందు మట్టిని చూస్తాడు. బొరియ నోట గుల్లగా, తడి ఆరని మట్టి పోసి ఉంటే ఎలుక లోపలుంది. సాలెగూడు పట్టిన కన్నాన్ని దాటిపోతాడు. ఎంత సూటి చూపు!

ఇక కుండ. అడుగున చిన్న చిల్లి పొడిచిన మట్టికుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు రాజేసి, మూతిని బొరియకు ఆనించి చుట్టూ బురద మెత్తుతాడు. చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదుతాడు. కళ్లు మండుతాయి, గొంతు కమురుతుంది, అయినా ఊదడం ఆపడు. పొగ సొరంగాల్లో పాకి గట్టు అవతల ఎక్కడో సన్నగా లేస్తుంది. అక్కడ కాచుకున్న ఇల్లాలు చటుక్కున బురదముద్దతో ఆ కన్నం మూసేస్తుంది. ఎలుకలు సొమ్మసిల్లాకే గునపం లేస్తుంది.

విషం లేదు గనుక గుడ్లగూబకీ, కుక్కకీ, కాలవ నీటికీ ముప్పు లేదు.

తవ్వుతూ పోతే లోపలి అరలో ఎలుకలు దాచుకున్న వెన్నులు బయటపడతాయి. వాటిని దులిపి ఎండబెట్టుకుంటే ఇంటికి గింజలు, ఎలుకలు కూరకి. రైతిచ్చే కూలి వేరే, కొన్నిచోట్ల తోకల లెక్కన.