ఎముకల బలము, బిళ్ళల వాడుక : ఒక విమర్శ

కాల్షియము ఎముకలకు బలమనియు, డి విటమిను ఎండలో లభించుననియు ఆరోగ్యశీర్షికలలోను, బిళ్ళల పెట్టెలమీదను, తరగతి గదులలోను తరచుగా వినుచుందుము. ఈ రెండు మాటలును సత్యములే, కాని అసంపూర్ణములు. ఎవరికి, ఎంత, ఎంతకాలము అను మూడు ప్రశ్నలకు వానిలో సమాధానము లేదు. ఈ లోపమువలన అవసరమున్నవారు కొందరు ఉపేక్షింపబడుచుండగా, అవసరము లేనివారు కొందరు హద్దుమీరి మ్రింగుచున్నారు.

మొదట ఎండమాటను పరిశీలింతము. కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతములలో ఎండకు కరువు లేదు. కావున అక్కడ డి విటమిను లోపముండదని తలచుట సహజము. అయితే ఎండ ఊరిమీద పడుట వేరు, ఒంటిమీద పడుట వేరు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు తగిలినప్పుడే ఈ విటమిను తయారగును. యెమ్మిగనూరులో గుంట మగ్గముమీద కూర్చుండు నేతగానికిగాని, ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేయువానికిగాని, పగలంతయు తరగతిలో నుండు విద్యార్థికిగాని ఆ కిరణములు తగులు వ్యవధి స్వల్పము.

ఈ విషయమున మన రాష్ట్రములోనే జరిగిన ఒక పరిశోధన గమనింపదగినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టరు సి. వి. హరినారాయణ్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పల్లెలలోని వయోజనుల రక్తములో డి విటమిను పట్టణవాసులకంటె ఎక్కువగా నుండెను. కాని పిల్లలలో, పల్లెయైనను పట్టణమైనను, అది తక్కువగానే యుండెను. ఆహారములోని కాల్షియము ఇరుతెగలవారికిని చాలకుండెను. పల్లెవారికి మరియు తక్కువ. ఎండ ఒక్కటే చాలునను వాదము ఇచ్చట నిలువదు.

ఇక ఆహారమునకు వత్తము. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో వయోజనులకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము, 600 యూనిట్ల డి విటమిను అవసరమని నిర్ణయించినది. ఆదోని సీమలో ముఖ్యాహారమైన జొన్నలో 100 గ్రాములకు సుమారు 28 మిల్లీగ్రాముల కాల్షియము మాత్రమే కలదు. మూడువందల గ్రాముల పిండితో రొట్టెలు చేసికొని తిన్నను 84 మిల్లీగ్రాములకు మించదు. పైగా ధాన్యములలోని ఫైటేటు కాల్షియమును కొంత బంధించును. రాగులలో అదే తూకమునకు సుమారు 360 మిల్లీగ్రాములున్నవి. పావులీటరు ఆవుపాలలో సుమారు 300. జొన్నరొట్టెతోపాటు పెరుగు, నువ్వులపొడి, మునగాకు, అప్పుడప్పుడు రాగిసంకటి చేరినచో లోటు చాలవరకు తీరును. ఎముకలు ముఖ్యముగా పెరుగునది ఉన్నత పాఠశాల వయస్సులోనే కావున, ఈ లెక్క పిల్లలకు, అందును బాలికలకు, మిక్కిలి ముఖ్యము.

మరి బిళ్ళల సంగతి యేమి? ఎక్కువ మ్రింగినకొలది ఎక్కువ బలమను భావమును పరిశోధనలు సమర్థింపలేదు. అమెరికాలో 36,282 మంది ప్రౌఢస్త్రీలపై జరిగిన పరీక్షలో (2006) కాల్షియము, డి విటమిను బిళ్ళలు తుంటియెముక విరుగుటను నిశ్చయముగా తగ్గించినట్లు తేలలేదు. మూత్రపిండములలో రాళ్ళు మాత్రము నూటికి 17 వంతులు అధికమైనవి. ఆస్ట్రేలియాలో వృద్ధస్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్ల డి విటమిను ఇచ్చి చూడగా (2010) పడిపోవుటయు, ఎముకలు విరుగుటయు తగ్గుటకు బదులు పెరిగినవి.

మన అంగళ్ళలో సులభముగా దొరకు 60,000 యూనిట్ల పొట్లమును ఈ దృష్టితో చూడవలెను. 600 చేత భాగించినచో అది నూరు దినముల అవసరము! లోపము నిర్ధారణయైనవారికి వైద్యులు సాధారణముగా దీనిని వారమునకొకటి చొప్పున, కొన్ని వారములు మాత్రమే వ్రాయుదురు. వారమున కొకసారి అనుమాటను దినమున కొకసారి అని పొరబడినవారికి, చీటీ గడువు తీరినను కొని వాడుచుండువారికి ఇది ఔషధము కాదు, విషము. డి విటమిను క్రొవ్వులో నిలువయగును. మితిమీరినచో రక్తములో కాల్షియము పెరిగి, దాహము, వాంతులు, మలబద్ధకము, అతిమూత్రము, తుదకు మూత్రపిండముల హాని కలుగును. ఇట్టి రోగులను గూర్చి కాశ్మీరు వైద్యులు 2011లో ప్రకటించియున్నారు.

బిళ్ళలన్నియు వ్యర్థమని ఈ విమర్శకు అర్థము కాదు. గర్భిణులకు నాలుగవ నెలనుండి ప్రసవానంతరము ఆరునెలలవరకు, 500 మిల్లీగ్రాముల కాల్షియము గల బిళ్ళలు రోజుకు రెండు చొప్పున ఈయవలెనని కేంద్రప్రభుత్వము 2014లో నిర్దేశించినది. వానిని మానరాదు. అయితే రెంటిని ఒక్కమారు మ్రింగరాదు. ఇనుము బిళ్ళతో కలిపి అసలే తీసికొనరాదు. కాల్షియము ఇనుము ఒంటికి పట్టుటను అడ్డుకొనును. థైరాయిడు మందునకును కాల్షియమునకును నాలుగు గంటల ఎడముండవలెను. రికెట్సుగల బిడ్డలకు, ఎముకలు గుల్లబారిన వృద్ధులకు వైద్యుని నిర్ణయమున ఇవి ఉపకరించును. మూత్రపిండముల రాళ్ళుగాని, జబ్బుగాని యున్నవారు వైద్యుని అడుగక ముట్టరాదు.

తరగతిలో ఈ పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు రెండు లెక్కలు చేయింపవచ్చును. మొదటిది, విద్యార్థి నిన్నటి భోజనములోని కాల్షియము ఎంతయో కూడించుట. రెండవది, ఒక బిళ్ళ పెట్టెమీది వ్రాతను చదివించుట. 1250 మిల్లీగ్రాముల కాల్షియము కార్బొనేటు అని యున్నచో, అందు నూటికి 40 వంతులే కాల్షియము గనుక, అసలు లభించునది 500 మాత్రమే. ఈ రెండు లెక్కలు చేసిన విద్యార్థి ఇంటిలోని పెద్దల పొట్లముమీద వారమునకొకటి అని యున్నదో, దినమునకొకటి అని యున్నదో తానే చదివి చెప్పగలడు.