వోల్ట్‌మీటర్ కొసలు ఎక్కడ తగిలించాలి?

బెంగళూరు టౌన్‌హాల్‌కు దగ్గర్లోని ఎస్పీ రోడ్డులో రెసిస్టర్లు చిల్లరగా దొరుకుతాయి. గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలుంటే వెయ్యి ఓములు. చివర బంగారు రంగు పట్టీ ఉంటే అటూ ఇటూ 5 శాతం తేడా ఉండొచ్చని అర్థం. మన ఇంటర్‌కు సమానమైన పీయూసీలో పిల్లలు చేసే ఓమ్ నియమం ప్రయోగాన్ని ఇంట్లో చేసుకోవాలంటే ఇలాంటిదొకటి, నాలుగు సెల్లులు, రెండు మీటర్లు చాలు.

నైపుణ్యమంతా కలపడంలోనే ఉంది. సర్క్యూట్‌ను ఒకచోట తెంచి అమ్మీటర్‌ను మధ్యలో పెట్టాలి. కరెంటంతా దానిలోంచే పోవాలి కనుక దాని నిరోధం చాలా తక్కువ; అదే మీటర్‌ను నేరుగా బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే కాయిల్ కాలిపోతుంది. వోల్ట్‌మీటర్ దేన్నీ తెంచదు, రెసిస్టర్‌కు ఇటొక కొస, అటొక కొస తగిలించుకుని పక్కనే ఉంటుంది. ముల్లు కిందున్న అద్దంలో దాని ప్రతిబింబం ముల్లు చాటుకు పోయినప్పుడే రీడింగ్ రాసుకోవాలి. రాసుకోగానే సర్క్యూట్‌ను కలిపే కీ తీసెయ్యాలి, లేకపోతే రెసిస్టర్ వేడెక్కి నిరోధమే మారిపోవచ్చు.

1 వోల్టుకు 1 మిల్లీఆంపియర్, 5 వోల్టులకు 5. గ్రాఫులో తిన్నని గీత. జవాబు ముందే తెలుసు కాబట్టి సీనియర్ల రికార్డులోని అంకెలే జూనియర్ల రికార్డులోకి దిగిపోతుంటాయి. ఈ ప్రయోగానికి పట్టిన తెగులు అదే.

రెసిస్టర్ తీసేసి టార్చి బల్బు పెట్టి చూడండి. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగి గీత వంగుతుంది. 230 వోల్టుల 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 880 ఓములు. ఊడదీసి చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కొలిస్తే అందులో పదోవంతు కూడా ఉండదు.

జార్జ్ ఓమ్‌కు జవాబు ముందు తెలియదు. కొలోన్‌లో పాఠాలు చెప్పుకునే ఆయనకు ఆనాటి బ్యాటరీలు నిలకడగా పనిచేయక విసుగు తెప్పించాయి. చివరికి రాగి, బిస్మత్ అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచి స్థిరమైన వోల్టేజీ సాధించాడు. వేర్వేరు పొడవుల రాగి తీగలు మార్చి మార్చి కొలిచి, 1827లో పుస్తకం వేశాడు.

బెంగళూరు పిల్లలకు అసలు చిక్కుప్రశ్న ఇంకా దగ్గర్లోనే ఉంది. 1902లో శివనసముద్రం విద్యుత్ కేంద్రం నుంచి కోలారు బంగారు గనులకు దాదాపు 147 కిలోమీటర్ల లైను వేశారు. తెలుగు, తమిళ కూలీలు దిగిన ఆ గనులకు విద్యుత్తు వెళ్లింది 35,000 వోల్టుల దగ్గర. వోల్టేజీ పెంచింది తీగలో కరెంటు తగ్గడానికట! ల్యాబ్‌లో రెండూ కలిసే పెరిగాయి కదా అని తెలివైన పిల్లలు నిలదీస్తారు, నిలదీయాలి కూడా. చిక్కు విడిపోయేది వోల్ట్‌మీటర్ కొసల దగ్గరే. 35,000 వోల్టులు ఒక తీగకూ పక్క తీగకూ మధ్య ఉన్నవి. ఓమ్ లెక్కలో తీగకు సంబంధించినది అదే తీగ మొదటికీ చివరికీ మధ్య పడిపోయే కొద్దిపాటి వోల్టేజీ. గనికి కావలసిన పవర్ మారనప్పుడు, లైను వోల్టేజీ రెట్టింపైతే కరెంటు సగమవుతుంది, తీగలో వేడిగా పోయేది నాలుగోవంతుకు దిగుతుంది.

ముందు బంగారానికే కరెంటు. బెంగళూరు వీధిదీపాలకు అది అందింది 1905 ఆగస్టులో.