‘యాజ్ వెల్ యాజ్’ అంటే ‘అండ్’ కాదు

ఇంగ్లిష్‌లో ఉత్తరమో నివేదికో రాస్తున్నప్పుడు ‘అండ్’ పదేపదే వస్తోందనిపిస్తే, మనలో చాలామంది దాన్ని కొట్టేసి ‘యాజ్ వెల్ యాజ్’ పెట్టేస్తారు. వాక్యానికి హుందాతనం వచ్చిందనుకుంటారు గానీ, అక్కడ అర్థమే మారిపోతుంది. ‘అండ్’ రెండు పేర్లకూ సమాన హోదా ఇస్తుంది. ‘యాజ్ వెల్ యాజ్’ ముందున్న పేరుకు పెద్దపీట వేసి, వెనకున్నదాన్ని చదివేవాడికి ముందే తెలిసిన సంగతిగా పక్కన ఉంచుతుంది. అందుకే ‘ది ప్రిన్సిపాల్ అండ్ ది టీచర్స్’ తర్వాత ‘ఆర్’ వస్తే, ‘ది ప్రిన్సిపాల్, యాజ్ వెల్ యాజ్ ది టీచర్స్’ తర్వాత ‘ఈజ్’ రావాలి. అక్కడ క్రియ ప్రిన్సిపాల్ ఒక్కరిదే. మన బడుల్లో తరాలుగా చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చెప్పేదీ ఇదే. 1985లో రాండాల్ఫ్ క్వర్క్ మరో ముగ్గురితో కలిసి వెలువరించిన బృహద్వ్యాకరణం కూడా ‘యాజ్ వెల్ యాజ్’ను ‘అండ్’ సరసన చేర్చలేదు, దానికి దగ్గరి మాటగా మాత్రమే చూసింది.

ఈ తేడా తెలుగువాళ్లకు తెలియనిది కాదు. ‘రాముడూ లక్ష్మణుడూ వెళ్లారు’ అనే నోటితోనే ‘రాముడితో పాటు లక్ష్మణుడు వెళ్లాడు’ అంటాం. రెండో వాక్యంలో క్రియ లక్ష్మణుడిదని ఎవరూ మనకు నేర్పక్కర్లేదు. చిక్కంతా వరుసలో ఉంది. మనం ‘తో పాటు’ తగిలించిన పేరు ముందు చెప్పి, అసలు కర్తను తర్వాత తెస్తాం. ఇంగ్లిష్‌లో అసలు కర్తే ముందుంటాడు. ‘జీతంతో పాటు బోనస్ కూడా ఇచ్చారు’ అన్నప్పుడు కబురు బోనస్ గురించి. అది ‘బోనస్ యాజ్ వెల్ యాజ్ శాలరీ’ కావాలి. తెలుగు వరుసలోనే దించేసి ‘శాలరీ యాజ్ వెల్ యాజ్ బోనస్’ అని రాస్తే, జీతం ఇవ్వడమే విశేషమన్నట్టు ధ్వనిస్తుంది. క్రియ తప్పు కంటే ఈ తలకిందులే పెద్ద తప్పని నా అభిప్రాయం, ఎందుకంటే వ్యాకరణం సరిచూసేవారి కంటికి కూడా ఇది కనబడదు.

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఒక్కోసారి బహువచనం వాడతారు కదా అనవచ్చు. వాడతారు, నిజమే. ఇద్దరినీ ఒక జట్టుగా తలచుకున్నప్పుడు అలా రావడం సహజం. కానీ జట్టుగా చెప్పడానికి ‘అండ్’ సిద్ధంగా ఉండగా, చదివేవాడిని అనుమానంలో పడేయడం దేనికి? ఎలా రాసినా అర్థమవుతుందిలే అన్న వాదనా నిలవదు. ‘షి సింగ్స్ యాజ్ వెల్ యాజ్ హర్ సిస్టర్’ అంటే అక్కంత బాగా పాడుతుందనా, అక్కతో పాటు తానూ పాడుతుందనా? రాసిన కాగితం పంపేముందు ‘యాజ్ వెల్ యాజ్’తో మొదలయ్యే ముక్కను తీసేసి మిగిలిన వాక్యం చదవండి. మీరు చెప్పదలచిన ముఖ్య విషయం దానితో పాటే పోతే, పేర్ల వరుస మార్చండి, లేదా ‘అండ్’ అనే రాయండి.